మబ్బు పట్టిన రోజు వడదెబ్బ

నాకు వడదెబ్బ తగిలిన రోజు ఎండ లేదు. పొద్దున్నుంచీ ఆకాశమంతా మబ్బు. గాలి ఆడలేదు, చెట్టు మీద ఆకు కదల్లేదు. ఈ సంగతి చెబితే మా మదనపల్లెలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "మబ్బులో వడదెబ్బ ఏందప్పా, నీ యవ్వారమంతా యిచిత్రం" అని నవ్వుతారు. నవ్వనీ. నేను కూడా చాలా రోజులు నమ్మలేదు.

ఇది జరిగి అయిదేళ్లు దాటింది. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం సిగ్గు. నేను చేసిన పని తెలివితక్కువ పని, అది కూడా ఎంతో తెలివిగా చేస్తున్నానని అనుకుంటూ చేసిన పని. ఇప్పుడు రాస్తే మనసు కాస్త కుదుట పడుతుందని ఒక ఆశ. మా లాంటి మెట్ట ఊళ్ల నుంచి సముద్రం పక్కకు బంతి ఆడటానికి పోయేవాళ్ల చేతికి ఇది దొరికితే ఇంకా మంచిది.

2001 మే

మాది మదనపల్లె పక్కన చిన్న పల్లె. పట్టుపురుగులు పెంచి బతికే ఇల్లు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ, అన్న నాగరాజు, నేను. అన్న ఒళ్లొంచి పని చేసే మనిషి. నేను మల్బరీ ఆకు కోసుకొస్తానని పోయి, కాలేజీ గ్రౌండులో ఫుట్‌బాల్ బంతి వెంట పడే మనిషిని. ఆ బంతే నన్ను బెంగళూరు తీసుకెళ్లింది. అక్కడ ఒక ఫ్యాక్టరీ టీముకు రెండేళ్లు ఆడాను. బెంగళూరు గాలీ మా గాలీ ఇంచుమించు ఒకటే కాబట్టి ఒంటికి ఏ తేడా తెలియలేదు.

అక్కడ నా ఆట చూసి కేరళలో సముద్రం పక్కనున్న ఒక పట్నం క్లబ్బు పిలిచింది. జీతమిచ్చి ఆడించే క్లబ్బు. మే నెలలో క్యాంపు, ఆగస్టులో పరీక్ష, అందులో నిలబడితే ఒప్పందం మీద సంతకం. నాకప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఈ పిలుపు పోతే ఇంకో పిలుపు రాదని నాకు తెలుసు. అన్నకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే సంతకం కాకపోతే బంతి మానేసి ఆకు మోస్తానని వాడి ముందు మాటిచ్చి బయల్దేరాను.

పోయే ముందురోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. పురుగులు పెంచే ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ జాగ్రత్తలు చెప్పక్కర్లేదు. ఎదిగిన పురుగుకు తడి ఆకు వేస్తే రోగమొచ్చి కుళ్లి చస్తుంది. తట్టలో తేమ ఎక్కువైతే సున్నం పొడి చల్లి ఆరబెట్టాలి. వానాకాలంలో మా ఇంట్లో మాటిమాటికీ వినిపించే మాట తడి. తడి అంటే చావు, పొడి అంటే బతుకు. అలా పెరిగాం.

"నువ్వు పోతాండే ఊర్లో గాలంతా తడేనంట గదప్పా" అంది అమ్మ. "ఒళ్లు తడి కానీయాకు. నీళ్లు తాగేకొద్దీ సెమట కారతాది. మితంగా తాగు. పొద్దున, సాయంత్రం ఒళ్లంతా పౌడరు కొట్టుకో."

సంచిలో నాలుగు పౌడరు డబ్బాలు పెట్టింది. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. పైగా, మిగతా ఆటగాళ్లకు తెలియని కిటుకు నాకు తెలుసని లోలోపల గర్వపడ్డాను.

క్యాంపులో మొదటి రోజే ఒక వింత చూశాను. మా ఊళ్లో ఎంత పరిగెత్తినా చొక్కా తడవదు, కాస్త ఉప్పు చారలు మాత్రం కనిపిస్తాయి. చెమట పట్టినట్టు తెలిసే లోపే గాలి ఆర్చేస్తుంది. ఆ సంగతి అప్పటికి నాకు తెలియక, నాకసలు చెమటే పట్టదని అనుకునేవాణ్ణి. అక్కడేమో అరగంట ఆడితే మేజోళ్లు పిండితే నీళ్లు కారాయి. చెమట ఆరదు, కారుతుంది. కారినా చల్లగా అనిపించదు. రాత్రి ఉతికి ఆరేసిన బనీను పొద్దునకు కూడా తడిగానే ఉండేది.

అక్కడి ఆటగాళ్లు నాకంటే ముందే, నాకంటే ఎక్కువగా తడిసేవాళ్లు. మధ్యమధ్య ఆగి ఉప్పు వేసిన గంజి గ్లాసులకు గ్లాసులు తాగేవాళ్లు. వాళ్లను చూసి జాలిపడ్డాను. నా కిటుకు నేను పాటించాను. తెల్లవారగానే మెడ నుంచి మడమ దాకా పౌడరు, నీళ్లు రెండు గ్లాసులకు మించకుండా. నన్ను చూసి కోచ్ ఒకసారి ఆగిపోయాడు. తమిళం కలిసిన ఇంగ్లీషులో, "ఏమిటయ్యా, నాటకంలో వేషం ఉందా?" అని అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

గంజి తాగమని ఆయన రోజూ చెప్పేవాడు. తాగినట్టు నటించి పారబోసేవాణ్ణి. మొదటి వారం మెల్లగా ఆడమని కూడా చెప్పాడు. కొత్తవాణ్ణి, మెల్లగా ఆడితే ఎవరి కంట పడతాను? అందరికంటే ఎక్కువ పరిగెత్తాను.

అయిదో రోజు మధ్యాహ్నం ప్రాక్టీసు మ్యాచ్. మబ్బు పట్టింది. ఎండ లేదు కదా, ఇవాళ సులువు అనుకున్నాను. ఆట సగమయ్యేసరికి చెయ్యి చూసుకుంటే చెమట తగ్గింది. ఎంత సంతోషించానో చెప్పలేను. అమ్మ మాట పనిచేసింది అనుకున్నాను. నా జీవితంలో అంత తప్పుడు సంతోషం ఇంకోటి లేదు.

ఆ తర్వాత గుర్తున్నవి ముక్కలే. చలి వేసింది. ఆ ఉక్కలో చలి ఏమిటా అని ఆలోచించాను. బంతి నాకు రెండుగా కనిపించింది. కార్నరు జెండా దగ్గర ఎవరో కూర్చున్నారు, మా అన్న ఇక్కడికెందుకొచ్చాడని వాడి వైపు నడిచాను. అన్న మదనపల్లెలోనే ఉన్నాడు, అక్కడ ఎవరూ లేరు.

కళ్లు తెరిచేసరికి మంచు గడ్డల మధ్య ఉన్నాను, చేపల వాసన గుప్పున కొడుతోంది. గ్రౌండు పక్క రోడ్డు మీద పోతున్న చేపల బండిని ఆపి, అందులోని ఐసు మొత్తం నా మీద గుమ్మరించారట. ఆ బండి మనిషి చేపలు పాడవుతాయని ఒక్క మాటా అనకుండా, తనే పెట్టెలు మోసుకొచ్చాడట. ఆయన పేరు తెలుసుకోలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మే నెలాఖరు, కుప్పం

అక్కడి ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచి సెలైన్ ఎక్కించారు. ఇంకో రెండు రోజులు ఉండమన్నారు. కోచ్ ముందు రోగిలా పడుకోవడానికి సిగ్గేసి, బాగున్నానని మొండికేసి బయటపడ్డాను. అప్పటికి కబురు అందుకుని అన్న వచ్చాడు. "ఇంటికి పో, కోలుకో. ఆగస్టులో కాళ్ల మీద నిలబడగలిగితే రా" అన్నాడు కోచ్.

మా ఊరికి కుప్పంలో రైలు దిగి బస్సు పట్టుకోవాలి. పొద్దున స్టేషన్ బయటికొచ్చి బస్సు మెట్టు మీద కాలు పెట్టబోతే కాలు లేవలేదు. తొడలు మొద్దుల్లా బిగుసుకున్నాయి. రైల్లో మూత్రం కాఫీ రంగులో పోయింది. అన్నకు చెప్పలేదు. కండక్టరు నా ముఖం చూసి కిందికి దిగొచ్చాడు.

"ఈయప్పను ఇంటికి తోలకపోవద్దు. ఈడ్నే ఆస్పత్రికి తీసకపో" అని అన్నతో చెప్పి, బస్సును నిలబెట్టి మరీ ఆటో పిలిచి ఎక్కించాడు.

అక్కడి డాక్టరమ్మ నడివయసు మనిషి. పరీక్షలన్నీ రాసి, సాయంత్రం మళ్లీ వచ్చి ఒక్క ప్రశ్న అడిగింది. "పడిపోయిన రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో వరసగా చెప్పు." చెప్పాను. పౌడరు దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించాను. ఆమె నవ్వలేదు. కలం ఆపి, "పౌడరా? ఎందుకు?" అని ఎంతో ఆసక్తిగా అడిగింది. సున్నం పొడి, తడి ఆకు అన్నీ చెప్పాను.

"బాబూ, పురుగుకు చెమట పట్టదు. మనిషికి పట్టాలి" అంది. "చెమట రోగం కాదు, నీ ఒంట్లో వేడి బయటికి పోయే దారి. మీ ఊళ్లో అది వెంటనే ఆరుతుంది కాబట్టి కొంచెం చెమటతో పని జరిగిపోతుంది. అక్కడ గాలిలోనే తేమ ఉంది, ఆరదు. అలాంటి చోట ఒళ్లు అలవాటు పడటానికి రెండు వారాలైనా పడుతుంది. నువ్వేమో మొదటి వారమే ప్రాణం పెట్టి పరిగెత్తావు, పైగా నీళ్లు మానేశావు. పౌడరు చేసిన పాపం అందులో చిన్నది. ఇంతకీ నీళ్లు తాగొద్దని ఎవరు చెప్పారు?"

నేను తల తిప్పుకున్నాను. తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. అన్న కబురు చేస్తే అప్పుడే బస్సు దిగి వచ్చింది. ఎప్పటినుంచి వింటోందో తెలియదు. చేతిలో టిఫిన్ క్యారియరు పట్టుకుని, లోపలికి రాకుండా వెనక్కి తిరిగి వరండాలోకి వెళ్లిపోయింది.

తొమ్మిది రోజులు అక్కడ ఉన్నాను. వేడికి కండలు కరిగి ఆ మురికంతా కిడ్నీలకు చేరిందట, అవి నిలుస్తాయా లేదా అన్నది మొదటి నాలుగు రోజులు ఎవరూ గట్టిగా చెప్పలేదు. రోజూ పొద్దున రక్తం తీసుకుని పోతారు, మధ్యాహ్నం దాకా కాగితం రాదు. ఆ మధ్య గంటలే అసలు జబ్బు. నాకు చాలా భయమేసింది. బంతి గురించి కాదు, సంతకం గురించి కాదు, ఊరికే బతకడం గురించి భయమేసింది.

అమ్మ వరండా బెంచీ మీదే ఉండేది. నాతో అవసరమైనంతే మాట్లాడేది. పక్క బెంచీలో తమిళం మాట్లాడే ఒకావిడ, భర్తకు ఆపరేషనని వచ్చింది. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు తమిళం రాదు. రెండో రోజే తన చాప సగం అమ్మకు పరిచింది. మూడో రోజు నుంచి మజ్జిగ ఇద్దరూ ఒకే గ్లాసుతో తాగారు. నాలుగో రోజు నా కాగితం బాగా వచ్చిందని తెలిసినప్పుడు అమ్మ ముందు ఆమెకే చెప్పింది, ఆ తర్వాతే నా దగ్గరికొచ్చింది.

జూన్

ఇంటికొచ్చాక నెల రోజులు మంచమే. మెట్లు ఎక్కితే ఆయాసం. ఇంట్లో అప్పుడు పెరుగుతున్న పురుగుల్లో సగం పోయాయి. అమ్మ కుప్పంలో ఉన్న తొమ్మిది రోజులూ అన్న ఒక్కడే ఆకు కోసి, ఒక్కడే మేపి, ఒక్కడే తట్టలు మార్చాడు. వాడి కోపం న్యాయమైందే.

"బంతి మాట ఇంక ఈ ఇంట్లో ఎత్తితే నేనే పోతా" అన్నాడు ఒకరోజు. "సచ్చి బతికినావు. ఎవురి కోసరం ఇదంతా?"

"అన్నా, ఆగస్టు దాకా ఆగు."

"ఆగస్టుకు పోతే ఈసారి యాడ పడతావో? ఐసు బండి ఎప్పుడూ వస్తాదా?"

ఒకసారి ఇలా పడినవాడి ఒళ్లు మళ్లీ వేడికి నిలుస్తుందో లేదో ముందుగా చెప్పలేమని డాక్టరమ్మ కూడా అన్నది.

అన్న అరుపుల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అమ్మ. ఇంతకుముందు అమ్మ ఎవరినీ ఏదీ అడిగేది కాదు, చెప్పేది. తిను, పడుకో, తల తుడుచుకో. ఇప్పుడు గ్లాసుడు నీళ్లు ఇవ్వాలన్నా, "తాగొచ్చునా? డాక్టరమ్మ తాగొచ్చుననిందా?" అని అడిగేది. పప్పులో ఉప్పు వేసే ముందు గిన్నె తెచ్చి నాకు చూపించేది. నేను ఎన్నిసార్లు చెప్పాను, నీ తప్పు కాదమ్మా, నేనే అతి చేశానని! వింటుంది, తలూపుతుంది, మళ్లీ "తాగొచ్చునా?" అంటుంది. ముప్పయ్యేళ్లుగా పురుగుల రోగాలు చూపుతోనే కనిపెట్టిన మనిషి, తన మాట మీద తనకే నమ్మకం పోగొట్టుకుంది.

జులై, పుంగనూరు

జులై మొదట్లో కొత్త పురుగులు తట్టల్లోకి దించారు. ఆవగింజంత ఉండే పిల్ల పురుగులు. నేను మంచం మీంచి చూస్తున్నాను. అమ్మ గోనెపట్టాలు నీళ్లలో తడిపి తట్టల చుట్టూ వేలాడదీస్తోంది. పిల్ల పురుగులకు గాలిలో తేమ కావాలి, ఎదిగాకే తడి పడదు. ప్రతి పంటకూ చేసే పనే. ఆ రోజు మాత్రం తడి గోనె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమప్పా" అంది, చాలా రోజుల తర్వాత మునుపటి గొంతుతో. "సిన్న పురుగుకు తడి కావాల, పెద్దదానికి కూడదు. నేను నీకు పెద్ద పురుగు లెక్క సెప్పినాను. ఆ ఊరికి నువ్వు సిన్న పురుగువే గదా."

నేను లేచి కూర్చున్నాను.

"మీ మామ దగ్గర గూళ్లు ఉడకబెట్టే షెడ్డు ఉండాది గదా పుంగనూరులో. ఆడ ఆవిరి ఎట్లుంటాది? నువ్వు సెప్పే ఊరి మాదిరే ఉంటాదా?"

అలాగే ఉంటుంది. ఇంకా ఎక్కువే ఉంటుంది. పుంగనూరులో మా మేనమామ వెంకటరమణకు పట్టు రీలింగ్ షెడ్డు ఉంది. ఉడుకు నీళ్ల తొట్లలో పట్టుగూళ్లు వేసి దారం తీస్తారు, లోపల ఎప్పుడూ ఆవిరే. ఆ షెడ్డులో రోజూ కొద్దికొద్దిగా కూర్చుంటే ఒళ్లు అలవాటు పడుతుందా? నాకు ఒక్కసారిగా ఆత్రం పుట్టింది. అమ్మ అక్కడితో ఆగలేదు. "ఈసారి ముందే డాక్టరమ్మను అడగదాము" అని నన్ను కుప్పం తీసుకెళ్లింది. డాక్టరమ్మ మళ్లీ పరీక్షలు చేయించి, నాలుగు షరతులు పెట్టింది. మొదట పావుగంట మాత్రమే, ఒంటరిగా ఉండకూడదు, ముందూ తర్వాతా బరువు చూసుకుని తగ్గినంత నీళ్లు తాగాలి. తల తిరిగితే ఆ రోజుకు అంతే. ఏమైందో వచ్చి చెప్పమని అంది.

బరువుకు మామ షెడ్డులో గూళ్లు తూచే కాటా ఉంది. దాని మీద గోచీ గుడ్డతో నేను నిలబడితే, దారం తీసే ఆడవాళ్లు పదిమంది పని ఆపి చూసేవాళ్లు.

"ఏమప్పా ఫుట్‌బాలూ, ఈ పొద్దు ఎంత దారం తీస్తాము నీలో?" అని ఒకామె.

"సెమట పట్టేదానికి ఇంత యవ్వారం కావల్నా? మా పక్కన తొట్టి కాడ కూసో, దినమంతా పడతాది" అని ఇంకొకామె.

నవ్వులాటకు అన్నా అది నిజం. వాళ్లు ఆ ఆవిరిలో పొద్దంతా కూర్చుంటారు. నేను పావుగంటకే అల్లాడిపోయాను. వాళ్లను గమనించడం మొదలుపెట్టాను. ఎవరూ దాహమయ్యే దాకా ఆగరు. గంటకోసారి ఉప్పు వేసిన మజ్జిగో, రాగి అంబలో తాగుతారు. అది వాళ్లకెవరూ నేర్పలేదు. క్యాంపులో పారబోసిన గంజి గ్లాసులు గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాను.

ఒక నోటు పుస్తకంలో రోజూ రాసేవాణ్ణి. ఎంతసేపు కూర్చున్నాను, చెమట ఎప్పుడు మొదలైంది, బరువు ఎంత తగ్గింది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంది. అయిదో రోజు నుంచి గోడకు ఎదురుగా ఉన్నచోటే పరుగు లాంటిది మొదలుపెట్టాను. మామ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాసేవాడు. రెండో వారంలో పుస్తకం తిరగేస్తే ఆశ్చర్యం వేసింది. చెమట మునుపటి కంటే తొందరగా పడుతోంది, ఎక్కువగా పడుతోంది. గుండె దడ తగ్గింది. పెదవి మీది చెమట నాకి చూస్తే మొదటి రోజంత ఉప్పగా లేదు. ఈ చివరి సంగతి డాక్టరమ్మకు భయపడుతూ చెబితే, "అదే జరగాలి! ఒళ్లు ఉప్పును దాచుకోవడం నేర్చుకుంది" అని చప్పట్లు కొట్టినంత పని చేసింది. మనం చెప్పకుండానే మన ఒళ్లు ఇన్ని నేర్చుకుంటుందని నాకు ఇరవై నాలుగేళ్లలో ఎవరూ చెప్పలేదు.

అన్న ఒక ఆదివారం వచ్చి, షెడ్డు తలుపు దగ్గర నిలబడి అంతా చూశాడు. పోతూ పోతూ మామ కుర్చీ పక్కన ఒక సంచి పెట్టాడు. అందులో కడిగి ఆరబెట్టిన నా బూట్లు ఉన్నాయి.

ఆగస్టు

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆవిరి షెడ్డులో కూర్చోవడం వేరు, సముద్రం పక్కన తొంభై నిమిషాలు ఆడటం వేరు. ఈసారి పరీక్షకు పది రోజులు ముందే వెళ్లి, పడిపోవడానికి ముందు చేసినదంతా కోచ్‌కు చెప్పేశాను, పారబోసిన గంజితో సహా. ఆయన నా కోసం రోజుకు ఇంత అని ఆట కొలిచి ఇచ్చాడు.

పరీక్ష రోజు పొద్దున వాన పడి ఆగింది. నేలలోంచి ఆవిరి లేస్తోంది. ముందు గ్రౌండు చుట్టూ పరుగు, ఆ తర్వాత మ్యాచ్. పరుగు మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగాను. పక్కవాళ్లు దాటిపోతుంటే ప్రాణం పోయినట్టనిపించింది, అయినా ఆగాను. మ్యాచ్ రెండో సగంలో ఒకసారి వీపు మీద చల్లగా తగిలి ఆగిపోయాను, మళ్లీ అదే చలి అనుకుని. కాదు, సముద్రం మీది గాలి. భయం కాళ్లలోంచి దిగడానికి పది నిమిషాలు పట్టింది. ఆట అయ్యాక కోచ్ వచ్చి నా మెడ వెనక అరచెయ్యి ఆనించి చూశాడు. తడిసిన చేతిని నా చొక్కాకే తుడిచి, ఆఫీసు గదిలోకి రమ్మన్నాడు. పరుగులో నాది ఏడో స్థానం. సంతకానికి అది చాలింది.

బయటికొచ్చి మా ఊళ్లో అంగడికి ఫోన్ చేశాను. మా ఇంటికి ఫోన్ లేదు, ఆ అంగడాయనే అమ్మను పిలుచుకొచ్చాడు. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. సంతకం అయిందమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను.

"సెమట పట్టిందా?" అంది.

"పట్టిందమ్మా. బాగా పట్టింది. నిలువెల్లా తడిసిపోయినాను."

అవతల రొప్పు నెమ్మదించింది. తర్వాత, "నీళ్లు తాగప్పా. బాగా తాగు" అంది. అడగలేదు, చెప్పింది. చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత జరిగింది అంగడాయన చెబితే తెలిసింది. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, అక్కడ సరుకుల కోసం నిలబడిన అందరి వైపూ తిరిగి, "మా వాడికి సెమట బాగా పడతాండాదంట" అని చెప్పిందట. దానికి ఏమనాలో ఎవరికీ తోచలేదట. చివరికి ఎవరో ఒకాయన, "మంచిదేమ్మా" అన్నాడట.

సంతకం అయిందన్న సంగతి చెప్పడానికి నేను మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చింది.